‘ఇట్లు’ ఎవరు?

"ఫొటో వాట్సాప్ చేసెయ్యండి మాస్టారూ, పది నిమిషాల్లో దండేసేస్తాను," అంది చాందిని కంప్యూటర్లో ‘అశ్రునివాళి’ నమూనా తెరుస్తూ. ఏలూరులో ఎవరు కాలం చేసినా మొదటి దండ పడేది ఆమె ఫ్లెక్సీ షాపులోనే.

"ఫొటో లేదమ్మా," అన్నారు సోషల్ చెప్పే సాల్మన్ మాస్టారు. "ఏప్రిల్ ఏడు, ఆఫ్రికాలో రువాండా అనే దేశపు మృతుల్ని తలచుకునే రోజు. బళ్ళో కట్టాలి."

"ఎంతమంది పోయారండీ?"

"ఎనిమిది లక్షల పైమాటే. తొంభై నాలుగులో, వంద రోజుల్లో."

మౌస్ ఆగింది. "తుఫానాండీ?"

"కాదమ్మా. ఫలానా తెగలో పుట్టారని చంపేశారు. చంపినవాళ్ళలో ఇరుగుపొరుగువాళ్ళే బోలెడుమంది."

ఫొటో పెట్టే గుండ్రాన్ని చాందిని ఖాళీగా వదిలి, చుట్టూ దండ మాత్రం వేసింది. "కింద ఎప్పట్లాగే ‘ఇట్లు, కుటుంబ సభ్యులు’ అని ఉంచెయ్యనాండీ?"

"కుటుంబాలకి కుటుంబాలే పోయాయమ్మా. తీసెయ్యి."

తీసేసింది. కానీ కింద పేరు లేని ఫ్లెక్సీ ఇంతవరకూ ఆ షాపు గడప దాటలేదు.

"ఎవరో ఒకరుండాలి కదండీ, పాపం!"

"పోనీ, మా స్కూలు పేరు వేసెయ్యి."

ఆమె వినిపించుకోలేదు. కాసేపు బుగ్గన చెయ్యి పెట్టుకుని చూసింది. తర్వాత టకటకా కొట్టి, స్క్రీన్ ఆయన వైపు తిప్పింది.

‘ఇట్లు, ఇరుగుపొరుగువారు.’

ఆ రెండు మాటలూ చదవడానికి మాస్టారికి చాలాసేపే పట్టింది.

"అక్షరాలు ఇంకాస్త పెద్దవి చెయ్యమ్మా," అన్నారు.