అప్పగింతలు

బ్యాంకు కొత్త సీఈఓగా ఆమె పేరు ప్రకటించిన సాయంత్రమే పాత సీఈఓ గది ఖాళీ చేస్తున్నాడు. ఆమెను ట్రైనీగా చేర్చుకున్నదీ, చెయ్యి పట్టి నడిపించి ఇంతదాన్ని చేసిందీ ఆయనే.

"నాకంటే సీనియర్లు ముగ్గురున్నారు. అయినా బోర్డుకి నా పేరే చెప్పారు. మీ రుణం తీర్చుకోలేను సార్," అంది.

ఆయన గోడ మీది ఫొటోలు దించుతూ, "ఇంట్లో చెప్పావా?" అన్నాడు.

"మా ఆయన అప్పుడే ఊరంతా చాటేశారు. అమ్మకైతే కాలు నేల మీద నిలవడం లేదు."

ఆయన చేతులు ఆగిపోయాయి. వెళ్ళి తలుపు మూసి వచ్చాడు.

"పైకి కనపడదు గానీ, బ్యాంకు లోపలంతా డొల్లమ్మా. త్వరలోనే బయటపడుతుంది. అప్పుడు ఈ కుర్చీలో ఎవరుంటే వాళ్ళ మెడకే చుట్టుకుంటుంది."

ఆమె ఆ కుర్చీ వైపు చూసింది.

"ఈ సంగతి ఆ ముగ్గురికీ తెలుసా?"

"తెలుసు. ముందు వాళ్ళనే అడిగాం. ఒక్కరూ ఒప్పుకోలేదు."

"మరి నాకెందుకు చెప్పలేదు సార్?"

ఆయన ఆమె ముఖంలోకి చూడలేక కిటికీ వైపు తిరిగాడు.

"ఇన్నేళ్ళలో నేను ఏ పని చెప్పినా ఎందుకని నువ్వు అడిగింది లేదు. అందుకే నీ పేరు చెప్పాను."