పదకొండో హెల్మెట్

బయల్దేరేటప్పుడు పాత సామాన్ల వ్యాపారి రెష్కే చేతిలో ఆరు వందల యూరోలున్నాయి. తూర్పు జర్మనీ సైన్యం నాటి హెల్మెట్లు, ఎవరూ పెట్టుకోనివి, పది కొని తెల్లారేసరికి లైప్‌జిగ్‌లో అప్పగించాలి. వాటిలో వాడినది ఒక్కటి కనిపించినా బేరం రద్దు.

పాత సరిహద్దు గిడ్డంగికి కాపలా కాసినవాడి భార్య అమ్మింది. "మా ఆయన పోయేదాకా ఇదే గోల. పదకొండుండాలి, ఒకటి తిరిగి రాలేదని."

"పది చాలమ్మా. రానిదానికి డబ్బెవడిస్తాడు?"

"నీ పిసినారితనం మొహంలోనే ఉందిలే నాయనా," అందామె.

రాత్రి అడవి దారిలో బండి ఆపి, అలవాటుగా వెనక పెట్టెలోని ఒక్కో హెల్మెట్ లోపలి తోలుపట్టీని బొటనవేలితో నొక్కి చూశాడు. తలకెక్కని తోలు కిర్రుమంటుంది. పదీ కిర్రుమన్నాయి. పెట్టె అడుగున ఇంకొకటి ఉంది. అది కిర్రుమనలేదు. వేలికి చెమట అంటింది, గోరువెచ్చగా.

దాన్ని రోడ్డు పక్కన పెట్టి, వెనక తలుపులకు తాళం వేసి బండి కదిలించాడు. మొదటి మలుపు దాటాక, వెనక పెట్టె దగ్గర, గడ్డం కింద పట్టీ బిగించుకున్న టక్ చప్పుడు వినిపించింది.

ఆరు వందలకు పది కొన్నాడు. లైప్‌జిగ్‌కు పదకొండు వెళ్తున్నాయి.