చెరిపేసిన ముద్దులు

మార్లీ పుస్తకాన్ని వంటగది బల్ల మీద దభాలున పడేసింది.

"ఇదేంటమ్మా? ఎక్కడ తెరిచినా నల్ల మార్కరే. రేపు క్లబ్బులో ఈ కథ గురించి మాట్లాడాల్సింది నేను. ఏం మాట్లాడమంటావు, నీ గీతల గురించా?"

సింకు దగ్గర గిన్నెలు కడుగుతున్న డీనా తిరిగి చూసింది. సెప్టెంబరు ఎండ మండిపోతున్నా మణికట్ల దాకా స్వెట్టరు వేసుకునే ఉంది. "నేను కాదు," అంది నెమ్మదిగా. "నేనింకా ఆ పుస్తకం తెరవనే లేదు."

"మరి పోయినసారి నవలలో ముద్దు మీద గీత కొట్టిందెవరు, మన కుక్కా?"

డీనా మళ్లీ గిన్నెల వైపు తిరిగింది. అది చూసి మార్లీకి ఒళ్లు ఇంకా మండింది. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని ఆ చిన్న ఊళ్లో, బడిలోని పుస్తకాల క్లబ్బుకి ఒక నియమం ఉంది. ఏ నవలైనా ముందు ఇంట్లో పెద్దవాళ్లు చూసి సంతకం పెట్టాలి. ముద్దు కనిపిస్తే చాలు, చర్చికి వెళ్లే తల్లులందరి చేతుల్లోకీ మార్కర్లు వచ్చేస్తాయి. పిల్లలు దాని మీద జోకులు వేసుకుని ఊరుకుంటారు. కానీ ఈ నవల మార్లీ పోట్లాడి మరీ క్లబ్బు చేత ఎంపిక చేయించింది. ఎవరు ఎవరిని పెళ్లాడాలో ప్రభుత్వమే తేల్చే దేశంలో, కంచె అవతలి కుర్రాణ్ణి ప్రేమించిన ఇనా అనే అమ్మాయి కథ అది. మూడోచోట గీతలు కనపడగానే ఇక చదవలేక కిందికి వచ్చేసింది.

"ఈ కథలో ప్రభుత్వం కూడా నీలాగే, ఎవరికేం తెలియాలో అదే నిర్ణయిస్తుంది. నువ్వు అక్కడ పుట్టాల్సింది."

"ఏంటే బంగారం, ఇల్లు పీకి పందిరేస్తున్నావు?" అంటూ క్లింట్ లోపలికొచ్చాడు. మార్లీకి తండ్రి, ఆమె సాఫ్ట్‌బాల్ జట్టుకి కోచ్. ఊళ్లో పిల్లలందరికీ అలాంటి నాన్న కావాలి.

మార్లీ పుస్తకం చూపించింది. క్లింట్ పేజీలు తిప్పి నవ్వాడు. "సంతకం పెట్టేముందు నేనూ పైపైన తిరగేశాలే, బానే ఉంది కథ. మీ అమ్మ సంగతి తెలిసిందేగా. ముద్దంటే మూర్ఛపోతుంది."

"నవ్వకు నాన్నా. నువ్వు మెత్తగా ఉంటావు కాబట్టే అమ్మ ఇలా తయారైంది. ఈసారి గట్టిగా చెప్పు."

"చెప్తాలే. నువ్వలా సైకిలు మీద ఓ చుట్టు చుట్టి రా. ఈలోపు నేను మాట్లాడతాను."

డీనా తడి చేతులతోనే గుమ్మం దాకా వచ్చింది. "మార్లీ, ఈ పూట ఇంట్లో ఉండమ్మా."

"నీ మొహం చూస్తూ కూర్చోవడం నా వల్ల కాదు," అని మార్లీ పుస్తకం లాక్కుని, తలుపు విసిరికొట్టి వెళ్లిపోయింది.

క్లబ్బులో స్నేహితురాలు జోసీ వాళ్లిల్లు రెండు వీధుల అవతల. మార్లీ వెళ్లేసరికి జోసీ చిప్స్ నములుతూ మంచం మీద బోర్లా పడుకుని ఉంది. వాళ్లమ్మకి మార్కరు పట్టే తీరిక లేదు, కాబట్టి జోసీ పుస్తకం శుభ్రంగా ఉంది.

"ఎన్ని ముద్దులు మింగిందే మీ అమ్మ?" అంది మార్లీ పుస్తకంలోని గీతలు చూసి.

"లెక్క తేల్చేద్దాం పట్టు," అంది మార్లీ ఇంకా రుసరుసలాడుతూనే.

రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టారు. కంచె దగ్గరి మొదటి ముద్దు కోసం వెతికింది జోసీ. "ఇదుగో, నీ దాంట్లోనూ ఉందే. వానలో ముద్దూ ఉంది. ఒక్కటీ పోలేదు. మరి దేన్ని చెరిపినట్టు?"

మార్లీ తన పుస్తకంలో మొదటి నల్లగీతల దగ్గర వేలు పెట్టి, జోసీ పుస్తకంలో అదే చోటు చదివింది. తర్వాత రెండోది. మూడోది చదివి, మళ్లీ మొదటిదాని దగ్గరికి పేజీలు వెనక్కి తిప్పింది.

"చెప్పవే, ఏముంది అక్కడ?" అంది జోసీ.

చెరిపిన ప్రతిచోటా, ఇనా తండ్రి ఆమె తల్లిని కొడుతున్నాడు.