మునీరా మోసిన బ్యాటరీలు

మునీరా ఎక్కిన బస్సు గురువారం ఉదయం 11.20కి హైదరాబాద్ చేరింది. డ్రోన్ ట్రైనర్ పరీక్ష పది గంటలకు.

ఆ పరీక్షకు పుంగనూరు నుంచి డ్రోన్ నడిపే ఇద్దరిని పిలిచారు, మునీరాను, ఆమె స్నేహితురాలు శ్రుతిని. కుప్పం శిక్షణ కేంద్రంలో ఉద్యోగం మాత్రం ఒక్కటే. విమానం టికెట్లతో మెసేజ్ శ్రుతి ఫోన్‌కు వచ్చింది.

"డ్రోన్ బ్యాటరీలు మనమే తీసుకోని పోవల్లంట అక్కా. 160 వాట్-అవర్లు దాటితే విమానంలో చేతి సంచిలోనూ ఒప్పుకోరంట, లగేజీలోనూ ఒప్పుకోరంట. మనవి తొమ్మిదొందలు," అంది శ్రుతి.

విమాన సంస్థ వెబ్‌సైట్‌లో మునీరా చూసుకుంది. ఆ నిబంధన నిజమే.

"నేను బస్సులో తెస్తాలే. నువ్వు బస్సెక్కితే ఊరు దాటకముందే వాంతి చేసుకుంటావు," అని నవ్వింది.

దారిలో బస్సు చెడిపోయింది. మునీరా కంగారుగా శ్రుతికి ఫోన్ చేసింది.

"బ్యాటరీలు నీ దగ్గరే ఉండాయి గదా! అవి లేకుండా పరీక్ష ఎట్ల మొదలుపెడతారు? నిదానంగా రా అక్కా," అంది శ్రుతి.

పరీక్ష జరిగే మైదానం గేటు దగ్గర అధికారి మునీరా చేతిలోని బ్యాటరీల పెట్టె తెరిపించాడు.

"ఇవెందుకు తెచ్చారమ్మా? బ్యాటరీలు మేమే ఇస్తామని మెసేజ్‌లో రాశాం కదా."

"పరీక్ష?"

"అయిపోయింది. పుంగనూరు నుంచి వచ్చినామె ఎంపికైంది. మీరు మానుకున్నారని ఆమే చెప్పింది."

తిరుగు విమానం సాయంత్రం 6.40కి. మునీరా పేరున సీటు ఉంది. బ్యాటరీలతో ఎక్కనివ్వరు. పుంగనూరు వైపు వెళ్లే మదనపల్లె బస్సు ఏడున్నరకు.