చిట్టెలుకకు అందే ఎత్తు

మిగిలింది ఒక్కటే పండు. బఠాణీ గింజంత ఉంటుంది. ఎర్రగా మిగలపండి కొమ్మకు వేలాడుతోంది.

అతను బాల్కనీలో టమాటా కుండీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని దాన్నే చూస్తున్నాడు. అప్పుడప్పుడే తెల్లవారుతోంది. లోపల ఇంకా ఎవరూ లేవలేదు.

ఈ పండు దాస్తే విత్తనం దక్కుతుంది. పండు పిండి గింజలు తీసి, మూడు రోజులు నీళ్ళలో ఉంచి, నురగ కట్టాక కడిగి, కాగితం మీద ఆరబెట్టుకుంటే వచ్చే ఏడాదికి మొక్కలుంటాయి. తినేస్తే ఏడేళ్ళుగా కాపాడుకుంటున్న జాతి ఇవాళ్టితో సరి.

కానీ తినకపోతే చిట్టెలుక రానట్టు లెక్క. చిట్టెలుక రాకపోతే భార్య మళ్ళీ మూగబోతుంది.

చిట్టెలుకంటే వాళ్ళ పాప. ఆరేళ్ళది. టమాటాల మీద చెయ్యి వేస్తే తాట తీస్తానని అమ్మ బెదిరిస్తే, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని పెదాలతో కొరుక్కు తినేది. తొడిమలు చెట్టుకే ఉండేవి. దొరికిపోతే, "నేను చెయ్యి వెయ్యలేదుగా!" అని ఎదురు వాదన. ఆ పేరు అలా వచ్చింది.

మూడు నెలల కిందట, నాలుగంటే నాలుగు రోజుల జ్వరంతో పోయింది.

అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్. పనిలోనే కాదు, మొక్కల దగ్గరా చాదస్తం ఎక్కువ. పక్క కుండీలోని పసుపు చెర్రీ టమాటాల పుప్పొడి తగిలితే ఈ చిట్టి రకం జాతి చెడుతుందని, పాత దోమతెర చింపి పూతకి సంచులు కుట్టేవాడు. "కూతురిక్కూడా ఇంత కాపలా ఉండదు!" అని భార్య ఏడిపించేది. ఇప్పుడా మాట గుర్తొస్తే ఇద్దరికీ గుండె కలుక్కుమంటుంది.

ఏటా మొదటి కాపులోనే విత్తనం తీసేవాడు. ఈసారి మొదటి కాపు వేళకి ఆస్పత్రి వరండాలో ఉన్నాడు. ఆ తర్వాత విత్తనం ధ్యాసే లేకపోయింది. పాత విత్తనమా, పాప ముచ్చటపడి పొట్లం మొత్తం ఒకే కుండీలో బోర్లించింది. బలమైన మొక్క ఒక్కటి ఉంచి మిగతావి పీకేయాల్సి వచ్చింది. అదే ఈ మొక్క.

పాప పోయాక ఇంట్లో మాటలు ఆగిపోయాయి. కడుపుకోతకి మందేముంది? డాక్టరు మాత్రలు రాశాడు. భార్య అక్క వచ్చి వంటింటి బాధ్యత నెత్తిన వేసుకుంది. వారంలో వెళ్తానన్న వదిన రెండు నెలలైనా కదల్లేదు. పాపం, చెల్లెలి పరిస్థితి అలాంటిది. "ఒక్క ముద్దన్నా తినండర్రా" అని పూటపూటా బతిమాలేది. భార్య కలిపిన అన్నం అలాగే చేత్తో పట్టుకుని చూస్తూ కూర్చునేది. ఆమెనలా వదిలి వెళ్ళలేక అతను సెలవు మీద సెలవు పెట్టాడు. మంచం మీంచే ఆమెని కనిపెట్టుకుని ఉండేవాడు.

ఒకరోజు తెల్లవారుజామున ఎందుకో లేచి వచ్చి, ఇక్కడే కూలబడి, చేతులు వెనక్కి కట్టుకుని పాపలాగే నాలుగు పళ్ళు తిన్నాడు. తిని, వెక్కి వెక్కి ఏడ్చి వెళ్ళి పడుకున్నాడు.

కాసేపటికి బాల్కనీలోంచి భార్య కేక వినిపించింది.

"ఏమండీ! చిట్టెలుక వచ్చి వెళ్ళిందండీ! తొడిమలు చూడండి!"

నెల తర్వాత ఆ ముఖంలో నవ్వు! తిన్నది తనేనని చెప్పడానికి అతనికి మనసొప్పలేదు.

అప్పట్నుంచి రోజూ అదే దొంగతనం. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా. పాపకి అందే ఎత్తు అతని నడుం దాకానే. కింది గుత్తులు అయిపోయాక, సాయంత్రం పూట పైకొమ్మల్ని ఊతకర్ర నుంచి విప్పి కిందికి వంచి కట్టేవాడు.

"ఇదేంటయ్యా, చెట్టిలా వాలిపోయింది?" అంది వదిన ఒకసారి.

"కాపు బరువుకి వదినా."

"అవునక్కా, బరువుకే" అని భార్య కూడా వంత పాడింది. పిచ్చిది, ఎంత చెప్తే అంత నమ్ముతోందని అతనికి కళ్ళు చెమర్చాయి.

ఎండలు ముదిరాయి. పూత రాలిపోయింది. ఆకు పండుబారింది. ఇక మిగిలింది ఈ ఒక్క పండు.

విత్తనం పోతే పోనీ అనుకున్నాడు. చేతులు వెనక్కి కట్టుకుని, మెడ చాచి అందుకున్నాడు. గింజలు నాలుక మీద తగిలాయి. ఒక్కటైనా ఉమ్మి దాచుకోవాలనిపించింది. మింగేశాడు.

వెళ్ళి దుప్పటి కప్పుకున్నాడు. అనుకున్నట్టే భార్య కేక వినిపించింది. "ఏమండీ, వచ్చిందండీ!" ఆ గొంతులో సంబరానికి అతని ప్రాణం కుదుటపడింది.

కాసేపటికి మంచినీళ్ళ కోసం లేచాడు. వంటింటి గుమ్మం దగ్గర మాటలు వినబడి ఆగిపోయాడు.

"చెట్టు ఖాళీ అయిపోయిందే. రేపట్నుంచి ఏం చేస్తావు?" అంటోంది వదిన.

"అదే తోచట్లేదక్కా."

"ఆయనే తింటున్నాడని నీకెప్పట్నుంచి తెలుసు?"

"మొదటిరోజే తెలుసు. చిట్టెలుక ఎప్పుడైనా పండేదాకా ఆగిందా? సగం పచ్చిగా ఉన్నప్పుడే కొరికేసేది. ఆయన ప్రాణం పోయినా పచ్చికాయ ముట్టరు."

"తెలిసీ ఇన్నాళ్ళు ఈ నాటకం ఎందుకే తల్లీ?"



"పాప ఇక రాదని నాకు తెలియదా అక్కా... నువ్వూ నేనూ బతిమాలినా, డాక్టరు అన్ని మాత్రలు మింగించినా మంచం దిగని మనిషి, నన్ను నవ్వించడానికే రోజూ తనంతట తాను లేచి నాలుగు పళ్ళు తింటున్నారని, గుండె రాయి చేసుకుని నవ్వుతున్నాను."