మాయమైన ‘క’

“నా ‘క’ ఏదీ?”

మాల్ గుమ్మం ముందు నిలబడి డిజైనర్ వేసిన కేకకి, లోపలికి వెళ్లబోతున్న తల్లీకూతుళ్లు ఉలిక్కిపడి ఆగిపోయారు.

ఎదురుగా బోర్డు మీద ఆమె తయారుచేసిన పోస్టర్. చించి పారేసిన గిఫ్టు కాగితాలతో కూర్చిన క్రిస్మస్ చెట్టు, కొమ్మలకి విరిగిన బొమ్మలు, కొసన నలిగిన చాక్లెట్ రేకుతో నక్షత్రం. కింద పెద్ద అక్షరాలతో ‘క్రిస్మస్‌కి అక్కర్లేనివి కొనకండి’ అని ఉండాలి. ‘కొనకండి’లోని ‘క’ని ఎవరో కోసేశారు, పక్కనున్న సున్నాని వదిలేశారు. ఇప్పుడది ‘అక్కర్లేనివి కొనండి’ అయి కూర్చుంది.

వీధి పొడుగునా అన్ని పోస్టర్లదీ అదే గతి.

ఆమె ఫోన్ చేయగానే ప్రెస్ ఓనరు చేతిలో పని వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. కళ్లజోడు సవరించుకుని దగ్గరగా చూశాడు.

“మా మిషను తప్పు కాదమ్మాయ్. బ్లేడుతో కోశారు. సున్నాకి గీతైనా పడలేదు. ఎవడోగానీ చేయి తిరిగినవాడే.”

“చేతికున్న ఒడుపు బుద్ధికి లేకపోయింది బాబాయ్!”

జనం మూగారు. రెండు చేతులూ చాలక సంచులు మెడకి తగిలించుకున్న పెద్దమనిషి పోస్టర్‌ని పైకి చదివి, తన సంచుల వంక చూసుకుని నాలుక్కరుచుకున్నాడు. ఫోన్లు పైకి లేచాయి.

“అమ్మా, పోయినేడాది లైట్లు అటక మీదున్నాయిగా?” అంది కూతురు.

“ఉన్నాయే” అని తల్లి నసిగింది. ఇద్దరూ వెనక్కి తిరిగారు.

అది చూసి మాల్ మేనేజర్ లబోదిబోమంటూ బయటికొచ్చాడు. “మావాళ్లు కాదు మేడం, ఒట్టు!”

“మీరని నేనన్నానా?”

“మీరనలేదు, జనం అనుకుంటున్నారు!”

అంతలో పర్యావరణ శాఖ అధికారి కారు దిగాడు. ఈ పోస్టర్లు వేయించింది ఆయనే. “నీ బొమ్మని ఎవరూ చూడట్లేదమ్మా, రేపు తీయించి ఈ బోర్డులు మాల్ డిస్కౌంట్ల ప్రకటనలకి ఇచ్చేస్తాను” అని నిన్న తేల్చి చెప్పిందీ ఆయనే. డిజైనర్‌కి ఒళ్లు మండిపోయింది.

“చూశారా సార్? ఉన్నమాట సరిగ్గా రాసినన్నాళ్లూ ఒక్కరు తలెత్తలేదు! ఒక్క అక్షరం పోయేసరికి ఊరంతా పోగైంది! పండగ మర్నాడు చెత్తబండి ఎక్కే సరుకు కోసం తోసుకు చస్తారే, ఒక్క వాక్యం చదవడానికి తీరిక లేదా వీళ్లకి?”

ఆమె కోపంలో నటన ఏమీ లేదు. సంచుల పెద్దమనిషి తలదించుకున్నాడు.

అధికారి చుట్టూ ఉన్న ఫోన్లని చూసి గొంతు సవరించుకున్నాడు. “ఇప్పుడు తీయిస్తే మాల్‌కి అమ్ముడుపోయామంటారు. పండగ అయ్యేదాకా ఉండనీ. పాడైనవి కదా, మళ్లీ కొత్తవి వేయించమంటావా?”

“అక్కర్లేనివి వేయించకండి సార్. వీటినే ఉంచండి.”

జనం గొల్లుమన్నారు. అధికారి కూడా నవ్వి, ఆ దొంగని పట్టుకుని తీరతామని అందరూ వినేట్టు ప్రకటించాడు.

“దొరికితే నాకూ చూపించండి” అని డిజైనర్ విసవిసా నడిచి వెళ్లిపోయింది.

కోసిన ‘క’లన్నీ ఆమె హ్యాండ్‌బ్యాగులోనే ఉన్నాయి.