పన్నెండో పట్టీ

తనిఖీకి వచ్చిన మేడం తెల్లపట్టీలు లెక్కపెడుతోంది. గూళ్లున్న చెట్లకు నేను తెల్లరంగుతో పట్టీ వేస్తాను. వాటిని నరకకూడదని కాగితం కంపెనీ షరతు. పన్నెండూ ఉంటేనే మా తమ్ముడి కలప కొంటారు.

"పన్నెండు. సరిపోయాయి," అందామె.

పన్నెండోది నేను వేసింది కాదు. నేను పట్టీ వేసిన పెద్ద చెట్టును నిన్న తమ్ముడు పడగొట్టించి, పక్కనున్న బక్కచెట్టుకు రంగు పూశాడు. మొద్దు మీద కొమ్మలు కప్పాడు.

"నోరు విప్పావో, నువ్వు నాకు అన్నవే కాదు," అని వాడు నా చెవి కొరికాడు.

"నీలాంటి తమ్ముడు ఉంటే ఎంత, ఊడితే ఎంత!" అన్నాను. అన్నానే గాని గొంతు పైకి రాలేదు.

అంతలో పెద్దముక్కు పక్షి ఒకటి పండు కరుచుకుని వచ్చి మా నెత్తి మీద గుండ్రంగా తిరగసాగింది.

"ఎంత బావుందో! రిపోర్టు అట్ట మీద దీన్నే వేయిస్తాను," అంటూ మేడం ఫొటో తీసింది.

"మా అడవి నిండా ఇవేనండీ," అన్నాడు తమ్ముడు, పళ్లన్నీ బయటపెట్టి.

పక్షి నాలుగుసార్లు తిరిగింది. పండు వదల్లేదు, వాలనూ లేదు.

"తినదేం?" అందామె.

"అది తన కోసం తెచ్చుకున్నది కాదమ్మా." ఈసారి నా గొంతు పైకే వచ్చింది. "దీని పెళ్లాం పిల్లలతో తొర్రలో ఉండి, సన్నటి సందు వదిలి వాకిలి మట్టితో మూసుకుంటుంది. ఇది రోజూ ఈ వేళకే మేత తెచ్చి అందిస్తుంది."

"ఏదీ తొర్ర?"

నేను వంగి, మొద్దు మీది కొమ్మలు ఒక్కొక్కటే తీశాను.